అతిథిగా వచ్చి ఆత్మీయుడైన ఆచార్యుడు

తపతీ నదీతీరాన సూరత్ నగరంలో ఒక పాతకోట ఉన్నది. 16వ శతాబ్దిలో పోర్చుగీసు నౌకలు ఈ రేవుపట్టణాన్ని పలుమార్లు కొల్లగొట్టి తగులబెట్టాయి. ఆ దాడులను ఎదుర్కొనడానికి గుజరాత్ సుల్తాన్ మూడవ మహమూద్ కాలంలో, 1540-46 సంవత్సరాల నడుమ, ఖుదావంద్ ఖాన్ ఈ కోటను కట్టించాడు. ఐరోపా ఖండానికి పడమటి కొసన ఉన్న ఐబీరియా ద్వీపకల్పం గుజరాత్ తీరానికి తొలుత పరిచయమైనది ఫిరంగుల మోతతోనే.

నాలుగు శతాబ్దాల అనంతరం అదే ద్వీపకల్పం నుండి, పోర్చుగల్‌కు పొరుగున ఉన్న స్పెయిన్ నుండి, ఒక యువకుడు వచ్చాడు. ఆయన ఏ కోటనూ ముట్టడించలేదు. గుజరాతీ భాషను నేర్చుకొన్నాడు. ఆ భాషలో రచయిత అయ్యాడు. ఆయన పేరు కార్లోస్ గొంజాలెజ్ వాలెస్. గుజరాత్ ప్రజలకు ఆయన ‘ఫాదర్ వాలెస్’.

బాల్యం, ప్రస్థానం

వాలెస్ 1925 నవంబరు 4న స్పెయిన్‌లోని లొగ్రోన్యో పట్టణంలో జన్మించారు. పదేళ్ల వయస్సులో తండ్రిని కోల్పోయారు. 1936లో అంతర్యుద్ధం చెలరేగింది. తల్లి ఇద్దరు కుమారులతో ఇల్లూ వాకిలీ విడిచి వెళ్లవలసి వచ్చింది. ఒకే దేశపు ప్రజలు ఒకరినొకరు చంపుకొన్న రోజులను కళ్లారా చూసిన ఆ బాలుడు పదిహేనవ ఏట జెస్యూట్ మతసంఘంలో చేరాడు.

1949లో ఆయన భారతదేశానికి వచ్చారు. మద్రాసు విశ్వవిద్యాలయంలో గణితశాస్త్రం అభ్యసించి 1953లో ఎం.ఏ. పట్టం పొందారు. ఆంధ్రరాష్ట్రం అవతరించినదీ ఆ సంవత్సరమే. మాతృభాషపై మమకారం ఒక రాష్ట్రాన్నే నిర్మింపజేయగలదని ఆ రోజుల్లో మద్రాసులో ఉన్న ఎవరికీ వేరే చెప్పనక్కరలేదు.

భాషాసాధన

అహమ్మదాబాద్‌లోని సెంట్ జేవియర్స్ కళాశాలలో గణితం బోధించడం ఆయనకు నిర్ణయమైన పని. అందుకు ఇంగ్లీషు చాలు. అయినా విద్యార్థి పాఠం వినే భాష వేరు, కల కనే భాష వేరు. ఆ రెండవ భాష తెలియనిదే వారికి దగ్గర కాలేమని భావించి ఆయన వల్లభ్ విద్యానగర్‌లో గుజరాతీ అభ్యసించారు. తరువాత పుణేలో మతశాస్త్రం చదువుతున్నప్పుడు కూడ ఈ సాధన మానలేదు. గుజరాతీలో వ్రాయడం నిత్యవిధిగా పెట్టుకొన్నారు.

1960 మే 1న భాషాప్రాతిపదికపై గుజరాత్ రాష్ట్రం ఏర్పడింది. అదే సంవత్సరం వాలెస్ కళాశాలలో అధ్యాపకులుగా చేరారు. ఆయన మొదటి గుజరాతీ గ్రంథం ‘సదాచార్’ కూడ ఆ ఏడే వెలువడింది. పిమ్మట ‘కుమార్’ మాసపత్రికలో వ్యాసాలు వ్రాశారు. 1966లో ఆ పత్రిక ఇచ్చే సువర్ణ పతకం ఆయనకు లభించింది. ‘గుజరాత్ సమాచార్’ దినపత్రికలో యువతరాన్ని ఉద్దేశించి ఆయన వ్రాసిన శీర్షిక ఇంటింటా చదివినది. చదువు, పరీక్షలు, తల్లిదండ్రులతో పిల్లలకు వచ్చే పొరపొచ్చాలు, వివాహం, సత్యనిష్ఠ: ఇవే ఆయన విషయాలు. ఆధునిక గణితానికి గుజరాతీలో పారిభాషిక పదాలు సమకూర్చే కృషిలోనూ, ‘సుగణితమ్’ అనే గణిత పత్రిక నిర్వహణలోనూ ఆయన పాలుపంచుకొన్నారు.

పోళ్‌లో అతిథి

అహమ్మదాబాద్ పాతనగరంలో ఇరుకైన సందుల చుట్టూ ఒకదానినొకటి ఆనుకొని ఉండే ఇండ్ల సముదాయాన్ని ‘పోళ్’ అంటారు. మధ్యతరగతి కుటుంబాలు అక్కడ తరతరాలుగా నివసిస్తాయి. 1970లలో వాలెస్ కళాశాల నివాసంలోని సౌకర్యాన్ని వదలి ఈ పోళ్‌లలో ఇంటింటి తలుపు తట్టారు. కొద్ది రోజులు తమతో ఉండనివ్వవలసిందని అడిగేవారు. ఆ ఇంటివారు తినేదే తిని, వారు చూపినచోట పడుకొని, సైకిల్‌పై కళాశాలకు వెళ్లి పాఠం చెప్పి వచ్చేవారు. గడువు తీరగానే మరొక ఇంటికి. ఇంచుమించు పదేళ్లు ఆయన ఇట్లు గడిపారు.

ఇక్కడ పాఠకుడు ఒక విషయం గమనించాలి. పరులకు సహాయం చేయడంలో చేసేవాడిది పైచేయి. కాని ఆశ్రయం అర్థించేవాడు తన గౌరవాన్ని ఎదుటివాని చేతిలో పెడతాడు. హైందవ, జైన కుటుంబాలు ఒక విదేశీ క్రైస్తవ మతగురువుకు తమ వంటింటి పక్కన చాప పరిచాయంటే, ఆ ఔదార్యంలో వారి పాలు ఎంతో ఉన్నది. సమైక్యత ఒక్క చేతి చప్పట్లు కాదు.

అనువాదకులకు ఈ అనుభవం విలువ బాగా తెలుసు. నిఘంటువు అర్థాన్ని చెబుతుంది. వాడుకను ఇల్లు చెబుతుంది. గుజరాతీలు ఇంటి నుండి వెళ్లేవారిని సాగనంపుతూ ‘ఆవ్‌జో’ అంటారు. మాటకు మాటగా దాని అర్థం ‘రండి’ అని. వెళ్లేవానితో రమ్మనడమేమిటని నిఘంటువు పట్టుకొన్నవాడు తికమకపడతాడు. మన ఇండ్లలో ‘వెళ్తాను’ అనడానికి నోరు రాక ‘వెళ్లొస్తాను’ అనేవారికి ఆ మాట ఇట్టే బోధపడుతుంది. రెండు భాషల వెనుక ఉన్న గుండె ఒక్కటే.

సూరత్‌తో బంధం

గుజరాతీ సాహిత్యంలో అత్యున్నత గౌరవాలలో ఒకటైన రంజిత్‌రామ్ సువర్ణ చంద్రకం 1978లో వాలెస్‌కు లభించింది. ఆ పతకాన్ని పొందిన మొదటి విదేశీయుడు ఆయనే. 1928 నుండి ఇస్తున్న ఈ పతకం గుజరాతీ సాహిత్య పరిషత్తు స్థాపకుడు రంజిత్‌రామ్ మెహతా పేర వెలసినది. ఆయన 1881లో సూరత్‌లో జన్మించారు. 1873లో ‘నర్మకోశ్’ నిఘంటువును ప్రకటించిన కవి నర్మద్ కూడ సూరత్ వాస్తవ్యుడే. ఒకనాడు పడమటి నౌకలకు భయపడి కోట కట్టుకొన్న నగరపు బిడ్డ పేరిట, అదే పడమటి నుండి వచ్చినవానికి సత్కారం జరిగింది.

మరాఠీ మాతృభాషగా గల కాకాసాహెబ్ కాలేల్కర్‌ను గాంధీజీ ‘సవాయీ గుజరాతీ’ అన్నారు. గుజరాతీల కంటే పావువంతు ఎక్కువ గుజరాతీ అని భావం. ఆ బిరుదును ప్రజలు వాలెస్‌కు కూడ అన్వయించారు. కాలేల్కర్ పేర నెలకొల్పిన విశ్వసామరస్య పురస్కారం 1995లో ఆయనకు లభించడం సముచితంగా ఉన్నది.

మనకు పాఠం

సూరత్‌లో ఆంధ్రదేశపు వాసన కూడ ఉన్నది. తెలంగాణ జిల్లాల నుండి వలస వెళ్లిన పద్మశాలీలు అక్కడి మరమగ్గాలపై పనిచేస్తూ స్థిరపడ్డారు. వారి పిల్లలకై నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో ప్రాథమిక పాఠశాలలు నడిపింది. ఆ పిల్లవాడు బడిలో తెలుగు చదువుతాడు, వీధిలో గుజరాతీ మాట్లాడతాడు. అతనికి పతకాలు రావు. అయినా అతడు చేసేది వాలెస్ చేసిన పనే. ఒక్క తేడా ఉన్నది: వాలెస్ తన ఇష్టంతో కొత్తభాషను వరించాడు, ఆ పిల్లవాడిని బ్రతుకుతెరువు అందులోకి దించింది. కనుక అతనికి రెండు భాషలూ నిలబెట్టి ఇవ్వవలసిన బాధ్యత సమాజానిది.

అధ్యాపకత్వం నుండి విశ్రాంతి పొందిన కొన్నేళ్లకు, 1990 ప్రాంతంలో, వృద్ధురాలైన తల్లికి తోడుగా ఉండడానికి వాలెస్ మాడ్రిడ్ నగరం చేరారు. అక్కడినుండి కూడ పలుమార్లు గుజరాత్ వచ్చి పాఠకులను కలిశారు. 2020 నవంబరు 9న, తొంబది అయిదేళ్లు నిండిన కొద్ది రోజులకు, మాడ్రిడ్‌లో కన్నుమూశారు. గుజరాతీలో ఆయన వ్రాసిన గ్రంథాలు డెబ్బదికి పైబడినవి.

పుట్టిన భాష మనకు తల్లి ఇచ్చినది. మరొక భాష మనది కావాలంటే దానిని మాట్లాడేవారి గడప ముందు నిలిచి లోనికి రానిమ్మని అడగాలి. అడిగే వినయం ఒకరికీ, తలుపు తీసే మనస్సు మరొకరికీ ఉన్నచోట దేశం ఒకటిగా నిలుస్తుంది.