112 వేరు, 112-1 వేరు

అనంతపురం

అమ్మడూ,

బ్రౌజర్ ఏజెంట్ తయారుచేసే పనిలో దిగావని మీ అమ్మ చెప్పింది. ఈ రంగం చాలా కొత్తది. తెరను చూసి మౌస్, కీబోర్డు వాడే సామర్థ్యాన్ని ఆంత్రోపిక్ తన క్లాడ్ మోడల్‌కు ఇచ్చింది 2024 అక్టోబరులో. ఓపెన్‌ఏఐ ‘ఆపరేటర్’ వచ్చింది 2025 జనవరిలో. మనిషి మామూలు మాటల్లో చెబితే ఇలాంటి ఏజెంట్లే పేజీలు తెరిచి, ఫారాలు నింపి, బటన్లు నొక్కుతాయి. నొక్కే ముందు అవి ఏమేం చూసుకోవాలో నువ్వు మొదటే నేర్చుకోవాలని ఈ ఉత్తరం.

మన జిల్లాలో ఈ జాగ్రత్త ఎందుకు అవసరమో చూడు. ఏడాది మొత్తం మీద సుమారు 550 మిల్లీమీటర్ల వాన పడే చోటు ఇది. వేరుశనగ ఎండిపోతే రైతుకు మిగిలే ఆధారం పంటల బీమా, పెట్టుబడి రాయితీ. వాటికి ఈ-పంట నమోదు, అడంగల్, 1బి అనే భూమి రికార్డులు కావాలి. ఆ కాగితాలన్నీ ఒక సర్వే నంబరు చుట్టూ తిరుగుతాయి. మీభూమి పోర్టల్‌లో అడంగల్ చూడాలంటే జిల్లా, మండలం, గ్రామం వరుసగా ఎంచుకుని సర్వే నంబరు ఇచ్చి వెతకవచ్చు. ఇలాంటి ఫారంలో ఏజెంట్ ఒక్క వరుస కిందికి జారితే తెరమీద కనిపించేది పక్క రైతు చేను.

పేజీలో బటన్ కనిపించినంత మాత్రాన నొక్కడానికి సిద్ధంగా ఉన్నట్టు కాదు. తొలకరి పడగానే మన రైతు గొర్రు కట్టడు. మట్టి తవ్వి పదును ఎంత లోతు దిగిందో చూస్తాడు. బ్రౌజర్‌ను ప్రోగ్రాముతో నడిపించడానికి మైక్రోసాఫ్ట్ 2020లో విడుదల చేసిన సాధనం ప్లేరైట్ కూడా క్లిక్ చేసే ముందు ఇలాగే పరీక్షిస్తుంది. చెప్పిన గుర్తుకు సరిపడే ఎలిమెంట్ (బటన్, లింకు లాంటి పేజీ భాగం) ఒక్కటే ఉందా? అది కనిపిస్తోందా? వరుసగా రెండు ఫ్రేముల్లో కదలకుండా ఒకే చోట ఉందా? దాని మీద మరో పెట్టె కప్పి ఉందా? పనిచేసే స్థితిలో ఉందా, మసకబారి ఉందా? అన్నీ కుదిరితేనే నొక్కుతుంది, లేదంటే గడువు దాకా ఎదురుచూసి (ఒకటికన్నా ఎక్కువ దొరికితే వెంటనే) తప్పు చెబుతుంది.

ఇంతకుముందు పద్ధతి వేరు. థాట్‌వర్క్స్‌లో జేసన్ హగ్గిన్స్ 2004లో మొదలుపెట్టిన సెలీనియం అనే సాధనంతో స్క్రిప్టులు రాసేవారిలో చాలామంది ‘మూడు సెకన్లు ఆగు’ అని రాసి ఊరుకునేవారు. బీమా గడువు చివరి రోజున అందరూ ఒక్కసారిగా సైటు మీద పడినప్పుడు మూడు సెకన్లు చాలవు. కాలాన్ని బట్టి ఆగడం కాదు, స్థితిని బట్టి ఆగడం నేర్పు.

అయితే ఈ పరీక్షలన్నీ ‘దీన్ని నొక్కవచ్చా’ అన్న ప్రశ్నకే జవాబిస్తాయి. ‘నొక్కవలసింది ఇదేనా’ అన్నది వాటికి పట్టదు. తన చేను ఏదో రైతుకు ఎవరూ చెప్పనక్కర్లేదు. ఏజెంట్‌కు మాత్రం నువ్వు చెప్పాలి.

ప్లేరైట్‌లో అక్షరాలతో వెతికితే మామూలుగా పాక్షిక పోలికనే తీసుకుంటుంది. సర్వే నంబరు 112 అని వెతికితే 112-1 కూడా, 1120 కూడా దొరుకుతాయి. ఒకటికన్నా ఎక్కువ దొరికినందుకు క్లిక్ ఆపి తప్పు చూపించడం దాని మంచి గుణం. ఆ తప్పు వదిలించుకోవడానికి ‘మొదటిది తీసుకో’ అని రాయకు. పూర్తి పోలిక అడుగు. ఆ వరుసలోనే ఉన్న పట్టాదారు పేరు, ఖాతా నంబరు కూడా సరిపోయాయో లేదో చూడమను.

జిల్లా పేరు దగ్గర కూడా ఇదే చిక్కు. 2022 ఏప్రిల్ 4న శ్రీసత్యసాయి జిల్లా ఏర్పడ్డాక ధర్మవరం, కదిరి, హిందూపురం, పెనుకొండ అటు వెళ్లాయి. పాత సమాచారం మీద నేర్చుకున్న మోడల్ ధర్మవరాన్ని ఇంకా అనంతపురం జాబితాలో వెతకవచ్చు. అక్కడ దొరక్కపోతే దగ్గరగా ఉన్న మరో పేరును ఎంచుకోకూడదు. ఆగి మనిషిని అడగాలి.

మరో ప్రమాదం పాతబడిన చూపు. జిల్లా మార్చగానే మండలాల జాబితా, మండలం మార్చగానే గ్రామాల జాబితా కొత్తగా వస్తాయి. అంతకుముందు పట్టుకున్న ఎలిమెంట్ అప్పటికి పేజీలోనే ఉండకపోవచ్చు. స్క్రీన్‌షాట్ చూసి పనిచేసే ఏజెంట్‌కు ఇది మరీ కష్టం: బొమ్మ తీసిన తర్వాత పైన ఒక ప్రకటన దిగితే బటన్ కిందికి జరుగుతుంది, క్లిక్ మాత్రం పాత చోటే పడుతుంది. కాబట్టి ప్రతి క్లిక్‌కు ముందు పేజీని మళ్లీ చదివించు. కుదిరిన చోట, అంధులు వాడే స్క్రీన్ రీడర్లకు బ్రౌజర్ అందించే యాక్సెసిబిలిటీ ట్రీని వాడు. అందులో ఇది బటనా, లింకా, దాని పేరేమిటి, ఇప్పుడు పనిచేస్తోందా అన్నవి మాటల్లోనే ఉంటాయి.

ప్లేరైట్‌లో ‘ఫోర్స్’ అనే వీలుంది. అది పెడితే పైన చెప్పిన పరీక్షల్లో చాలావాటిని దాటేసి నొక్కేస్తుంది. డబ్బు కట్టే చోట, దరఖాస్తు సమర్పించే చోట దాన్ని వాడకు. అలాంటి బటన్ ముందు నింపిన వివరాలన్నీ మనిషికి చూపించి ఒప్పుకోలు తీసుకోవాలి. క్యాప్చా ఎదురైతే ఏజెంట్ అక్కడితో ఆగి పనిని మనిషికి అప్పగించాలి. సమర్పించాక రసీదు నంబరు వచ్చిందో లేదో చదవాలి. రాకపోతే వెంటనే రెండోసారి నొక్కకూడదు, మొదటిది నమోదైందేమో ముందు చూడాలి.

ప్రభుత్వ సైటు మీద ప్రయోగాలు చేయకు. నీ కంప్యూటర్‌లోనే ఒక చిన్న పేజీ తయారుచేసుకో. అందులో 112, 112-1, 1120 మూడు వరుసలు, ప్రతిదానికీ ఒకే పేరున్న బటన్, ఆలస్యంగా వచ్చే గ్రామాల జాబితా, మధ్యలో బటన్‌ను కప్పేసే ఒక పెట్టె పెట్టు. ఏజెంట్ ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది, ఏ వరుసను నొక్కింది అన్న లాగ్ దాచి, దసరా సెలవులకు వచ్చినప్పుడు తీసుకురా. ఇద్దరం కూర్చుని చదువుదాం.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న