సమీక్ష రాయడం ఎలా? – "మిస్సమ్మ"తో ఒక పాఠం



మన విచారణలలోని యువతీ యువకులు అప్పుడప్పుడు సినిమాల మీద, నాటకాల మీద నాలుగు మాటలు రాసి చూపిస్తుంటారు. చాలావరకు ఒకే తీరు. "కథ బాగుంది. సంగీతం వినసొంపుగా ఉంది. నటీనటులు తమ పాత్రలకు న్యాయం చేకూర్చారు. కుటుంబ సమేతంగా చూడదగినది." ఈ వాక్యాలను ఏ చిత్రానికైనా అతికించవచ్చు. కనుక అవి ఏ చిత్రాన్ని గురించీ చెప్పవు. మరికొందరు "ఇది మన విశ్వాసానికి విరుద్ధం" అని ఒక్క మాటతో తలుపు మూసేస్తారు. ఏ ఘట్టంలో విరుద్ధమో, ఎందుకు విరుద్ధమో రాయరు.

ఒక ఉదాహరణ తీసుకుందాం. 1955 జనవరిలో విడుదలైన విజయావారి "మిస్సమ్మ". మన తెనాలివారైన చక్రపాణిగారి రచన, ఎల్.వి. ప్రసాద్‌గారి దర్శకత్వం. కథానాయిక మేరీ క్రైస్తవ యువతి. ఆమె ఇంటివారికి అప్పిచ్చిన డేవిడ్, తనను పెళ్లాడమని వెంటపడుతుంటాడు. అప్పు తీరాలంటే ఉద్యోగం కావాలి. అప్పాపురం జమీందారుగారి బడిలో భార్యాభర్తలైన పట్టభద్రులకే ఉద్యోగాలు. మేరీ, రావు అనే హిందూ యువకుడు కలిసి దంపతులమని చెప్పి చేరతారు. చివరికి మేరీయే జమీందారుగారి తప్పిపోయిన కూతురు మహాలక్ష్మి అని తేలుతుంది. (కొత్త చిత్రమైతే ముగింపు చెప్పడం నేరం. ఇది డెబ్బై ఏళ్ల నాటిది గనుక చెప్పేశాను.)

చూశారా, ఇంతవరకు మెచ్చుకోలూ లేదు, తిట్టూ లేదు. సమీక్షకుని మొదటి పని ఇదే. తెర మీద ఏమి జరిగిందో, చూడని వారికి తెలిసేటట్లు చెప్పాలి.

ఇక తీర్పు. దంపతులు కాని వారు దంపతులమనడం అబద్ధమే కదా అంటారు. అబద్ధమే. అయితే అబద్ధం కథలో ఉండడం వేరు, కథ ఆ అబద్ధాన్ని తీపి చేసి చూపడం వేరు. ఇక్కడ ఆ అబద్ధం మేరీకి రోజుకొక ఇరకాటం తెస్తుంది. ఎస్.వి. రంగారావుగారి జమీందారు ఎంత మంచివాడైతే ఆమెకు అంత భారం. సమీక్షలో రాయవలసినది ఈ సంగతి. మరియమాతను వేడుకొంటూ మేరీ పాడే పాట ఉంది, పి. లీలగారు పాడారు. సావిత్రిగారి ముఖంలో గానీ, ఆ పాటను తీసిన తీరులో గానీ వెటకారం కనిపించదు. మరి డేవిడ్ మాటేమిటి? రమణారెడ్డిగారి డేవిడ్‌ను చూసి హాలంతా నవ్వుతుంది. క్రైస్తవుణ్ణి నవ్వులపాలు చేశారని నొచ్చుకోవాలా? నా మటుకు నాకు, ఆ నవ్వు అతని ఆశ మీదే తప్ప అతని మతం మీద కాదు. మీరు కాదనవచ్చు, కానీ ఏ సన్నివేశాన్ని బట్టి కాదంటున్నారో చూపాలి.

నన్ను ఇబ్బంది పెట్టినది ముగింపు. ఇంట్లో టీవీలో ఈ చిత్రం చూస్తూండగా మా మనుమరాలు అడిగింది: "తాతయ్యా, అయితే మేరీ ఇక గుడికి వెళ్లదా?" నేను ఎన్నోసార్లు చూసిన చిత్రమే, ఆ ప్రశ్న నాకు ఎన్నడూ తట్టలేదు. ఆమె మేరీగా పెరిగింది, మేరీగా ప్రార్థించింది. ఆమె ఎవరన్న ప్రశ్నకు చివరి రీళ్లలో పుట్టుకే జవాబైపోయింది. పెంచిన తల్లిదండ్రుల ప్రేమ, ఆమె విశ్వాసం ఏమైనట్లు? చిత్రం నవ్వించి దాటిపోతుంది. ఇది లోపమేనని నేను రాస్తాను. మతం వేరైన సంబంధాలు, దత్తత బిడ్డలు ఉన్న ఇళ్లు మన విచారణలలోనూ ఉన్నాయి గదా! అయితే పైన చెప్పిన మంచిని దాచి ఈ ఒక్కటే రాస్తే అది సమీక్ష కాదు, ఫిర్యాదు.

శ్రీసభ కూడా కళను, నీతిని కలగాపులగం చేయలేదు. సినిమాకు నూరేళ్లు నిండిన సందర్భంగా 1995లో వాటికన్ 45 చిత్రాల జాబితా ఇచ్చినప్పుడు మతం, విలువలు, కళ అని మూడు భాగాలు చేసింది. విలువల భాగంలో "గాంధీ" ఉంది.

నాటకం సంగతి కొంత వేరు. సినిమా రేపల్లెలోనూ తెనాలిలోనూ ఒక్కటే, నాటకం రాత్రి రాత్రికీ మారుతుంది. బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావుగారు తెనాలి శ్రీరామ విలాస సభ నాటకాలలో స్త్రీ పాత్రలకు ప్రసిద్ధులై, 1956లో పద్మశ్రీ పొందారు. ఆ ప్రదర్శనలు ఇప్పుడు మనకు దొరకవు, చూసినవారు రాసినదే మిగులుతుంది. కనుక మీ విచారణ పండుగకు పిల్లలు వేసిన నాటకమైనా సరే తేదీ, ఊరు, ఎవరు ఏ వేషం వేశారు, జనం ఎక్కడ నిశ్శబ్దమయ్యారు అన్నవి తప్పక రాయండి.

పుస్తకానికైతే రచయిత, ప్రచురణకర్త, వెల ముందు ఇవ్వాలి. పూర్తిగా చదవకుండా ముందుమాట చూసి రాసేవారున్నారు, వారి సంగతి వదిలేద్దాం. సినిమాల మీద విరివిగా రాసిన కొడవటిగంటి కుటుంబరావుగారు కూడా 1909లో తెనాలిలో పుట్టినవారే. వామపక్షవాది, ఆయన అభిప్రాయాలతో మనకు పేచీ ఉండవచ్చు. అయినా ఆయన వ్యాసాలు సంపాదించి చదవండి.

సమీక్ష రెండు పుటలు మించనక్కరలేదు. రాసినదాన్ని రెండు రోజులు పక్కన పెట్టి, ఆ చిత్రం చూడనివారికి చదివి వినిపించండి. విన్నాక వారు "ఇంతకీ అందులో ఏం జరిగింది?" అని అడిగితే మళ్లీ రాయాలి.