బొమ్మ – బరువు – గీత

(ద్వితీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి)

"బి.ఎస్సీ. వాడివి, నీకు బొమ్మల మీద వ్యాసమేమిటోయ్? వానపాము మీద వ్రాయరాదూ!" అన్నాడు ఈ సంచిక పని చూస్తున్న మిత్రుడు. ఆ వానపామును రికార్డులో ఎన్నిసార్లు వేశామో వాడికీ తెలుసు, నాకూ తెలుసు. బొమ్మ వేయని సైన్సు విద్యార్థి ఈ కాలేజీలో ఎవరున్నారు? కాకపోతే రికార్డు బొమ్మ వేరు, మనిషి బొమ్మ వేరు. పెన్సిలు మొన బాగా చెక్కుకుని, షేడింగు లేకుండా, ఒకే మందాన గీత గీసి, కుడి పక్కన భాగాల పేర్లు వ్రాస్తే రికార్డుకు మార్కులు పడతాయి. అదే పద్ధతిలో మనిషిని వేస్తే వాడు అట్టముక్కలా నిలబడతాడు. బొమ్మల కథలు వేయాలన్న ఉబలాటం ఉన్న తోటి విద్యార్థుల కోసం, ఈ తేడా నాకెలా తెలిసివచ్చిందో నాలుగు మాటలు వ్రాస్తున్నాను. నేను ఆరితేరిన వాణ్ణి కాను. తప్పులు చేసిన వాణ్ణి.

మాది చిలకలూరిపేటకూ పర్చూరుకూ మధ్య నల్లరేగడి. పత్తి, మిరప తప్ప ఇంకో మాట వినపడని ఊరు. మా ఇంట్లో ఒక ట్రంకు పెట్టె నిండా నాన్న దాచిన పాత చందమామలున్నాయి. 1947 జులైలో మొదలైన ఆ పత్రిక ఆగిపోయి పదేళ్ళు దాటింది గాని, మా పెట్టెలోవి మాత్రం కలరా ఉండల వాసనతో భద్రంగా ఉన్నాయి. నాగిరెడ్డి గారితో కలిసి దాన్ని నడిపిన చక్రపాణి గారు మన తెనాలి వారేనని నాన్న ఎప్పుడూ గొప్పగా చెబుతాడు. ఎనిమిదో తరగతి నుంచీ నేను వాటిలో శంకర్, చిత్ర, వడ్డాది పాపయ్య గార్ల బొమ్మలు చూసి దించుతూ ఉండేవాణ్ణి. ఇంటర్‌కు వచ్చేసరికి బాపు పిచ్చి పట్టింది. ఆ కళ్ళు, ఆ వాలుజడ, సన్నగా మొదలై మధ్యలో లావై మళ్ళీ సన్నబడే ఆ గీత! అది చేతికి వస్తే చాలు, చిత్రకారుణ్ణయిపోయినట్టేనని నమ్మాను. క్లాసులో అందరూ మెచ్చుకున్నారు కూడాను.

ఇదంతా ఒక కథ కోసం. మా తాత కథ. 1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని పురుగు తినేసింది. ఎన్ని మందులు కొట్టినా చావలేదు. అప్పులపాలైన రైతులు కొందరు ఆ పురుగుమందే తాగి ప్రాణాలు తీసుకున్న సంవత్సరమది. మా తాత బ్రతికాడు. రెండెకరాలు అమ్మి, ఆ వేసవికి గుంటూరు మిర్చి యార్డులో ముఠాలో చేరి టిక్కీలు మోశాడు. సొంత పంట యార్డుకు తోలిన మనిషి, అదే యార్డులో పరాయివాళ్ళ సరుకు వీపున వేసుకున్నాడు. కష్టం చేయటంలో సిగ్గేముందని ఇవాళ నేను తేలిగ్గా అనగలను. ఆ రోజు వాళ్ళకది సిగ్గే. ఇంట్లో ఆ సంగతి ఎవరూ ఎత్తరు. నాకు తెలిసింది కూడా నాన్న ఒకసారి నోరు జారితేనే. నేను పుట్టకముందే తాత పోయాడు. ఉన్న ఫోటోలు రెండే – పెళ్ళి ఫోటో, ఓటరు కార్డు. రెంటిలోనూ బిగుసుకుని ఎదురుగా చూస్తుంటాడు. ఎనిమిది పేజీల బొమ్మల కథగా దీన్ని వేయాలని నా కోరిక. మూటలు మోస్తున్న తాతను వేయాలంటే చూసి దించటానికి ఏమీ లేదు. మనిషి ఒళ్ళు తెలిసి ఉండాలి.

నాకది తెలియదని చెప్పింది మా చేలో మిరపకాయ కోతకు వచ్చే ఒక పెద్దమ్మ. పోయిన సంవత్సరం సెలవల్లో గట్టు మీద కూర్చుని కోత కూలీల బొమ్మ ఒకటి వేశాను. సహజంగానే బాపు ధోరణిలో. అన్నాలప్పుడు చూపిస్తే అటూ ఇటూ తిప్పి చూసి, "ఎవర్రా ఈవిడ? కోతకొచ్చినట్టు లేదే, పేరంటానికొచ్చినట్టుందే! పొద్దుటినుంచి వంగిన మనిషి నడుం ఇట్టా ఉంటదా?" అంది. చుట్టూ ఉన్నవాళ్ళంతా నవ్వారు. నాకు మాత్రం ఆ పూట అన్నం సయించలేదు.

తప్పు బాపుది కాదని తరువాత అర్థమైంది. ఆయన నాలుగు గీతల్లో మనిషిని తెచ్చారంటే, వదిలేసిన నలభై గీతలూ ఆయనకు తెలుసు గనక. నేను ఆ నాలుగు గీతల్నే నేర్చుకున్నాను. వదిలేసినవి ఏమిటో నాకు తెలియదు.

అప్పుడు మొదటికి వచ్చి కొలతలు పట్టుకున్నాను. తల పొడవును కొలబద్దగా తీసుకుంటే మామూలు మనిషి సుమారు ఏడున్నర తలల ఎత్తుంటాడు. అమెరికన్ చిత్రకారుడు ఆండ్రూ లూమిస్ 1943లో వెలువరించిన పుస్తకంలో ఆదర్శ పురుషుడికి ఎనిమిది తలలు ఇచ్చాడు. మన శిల్పశాస్త్రాల్లో నవతాళం అంటే తొమ్మిది తాళాలు, తాళానికి 12 అంగుళాల చొప్పున 108 అంగుళాలు. ఇక్కడ అంగుళమంటే మన స్కేలు మీది అంగుళం కాదు, వేలి వెడల్పు లెక్క. పైగా తాళానికి కొలత ముఖం, మొత్తం తల కాదు. అందుకని మనవాళ్ళు మనిషిని మరీ సాగదీశారని తొందరపడి అనకూడదు. పుట్టిన బిడ్డ ఒంట్లో నాలుగోవంతు తలే ఉంటుంది. పెరిగేకొద్దీ కాళ్ళు సాగి ఆ లెక్క మారుతుంది. ముళ్ళపూడి వారి బుడుగుకు బాపు అంత తల ఎందుకు పెట్టారో ఇది తెలిశాక చూడండి. నేను చేయి చాచి పెన్సిలుతో కొలిచిన మా కూలీల్లో ఎనిమిది తలల మనిషి ఒక్కరూ లేరు. అయినా కొలతల దగ్గరే ఆగిపోతే మళ్ళీ రికార్డు బొమ్మే అవుతుంది.

అసలు సంగతి బరువు. ఇది మన ఫిజిక్సు పాఠమే. నిలబడ్డ వస్తువు గరిమనాభి నుంచి నిలువుగా దించిన గీత దాని ఆధారం లోపల పడాలి. బయట పడితే వస్తువు దొర్లుతుంది. మనిషికి ఆధారం రెండు పాదాలూ, వాటి నడుమ చోటూ. తాపీ మేస్త్రీ దారానికి గుండు కట్టి వదిలినట్టు, బొమ్మ మీద ఒక నిలువు గీత లాగి చూడండి. కోతకు వంగిన మనిషి తల, భుజాలు ముందుకు వస్తాయి గనక పిరుదులు వెనక్కు పోయి తీరాలి. వెనక్కు పోనిస్తే నిలబడుతుంది, లేకపోతే మొక్క మీద పడుతుంది. నా పేరంటపు బొమ్మలో నడుం వంగింది గాని తుంటి కదల్లేదు. పెద్దమ్మ పట్టుకున్నది సరిగ్గా అదే.

టిక్కీ మోసే మనిషి లెక్క ఇంకో రకం. నలభై కిలోల పైచిలుకు మూట వీపున పడగానే మనిషికీ మూటకూ కలిపి ఒకే గరిమనాభి అవుతుంది. అది పాదాల మీదికి రావాలంటే మనిషి ముందుకు వంగాలి. మెడ ముందుకు సాగుతుంది, మోకాళ్ళు పూర్తిగా చాపుకోవు, అడుగు పొట్టిదవుతుంది. నేను ముందు వేసిన తాత బొమ్మలో ఆయన ఛాతీ విరుచుకుని, మూటను దూదిపింజలా వీపున పెట్టుకుని నడుస్తున్నాడు. గుండు దారం దించితే మడమల వెనక ఎక్కడో పడింది! ఆ మనిషి వెల్లకిలా పడిపోవాలి. అప్పుడు ట్రంకు పెట్టె తెరిచి శంకర్ గారి విక్రమార్కుణ్ణి మళ్ళీ చూశాను. శవాన్ని భుజాన వేసుకుని, కత్తి పట్టుకుని నడిచే రాజు. 1952లో చందమామలో చేరిన శంకర్ మద్రాసు ఆర్ట్స్ స్కూల్లో చదివినవారు. చిన్నప్పుడు నేను కిరీటమూ మీసమూ మాత్రమే దించాను. ఈసారి కిరీటం వదిలేసి, శవం ఎక్కడ వేలాడుతోంది, పాదం ఎక్కడ ఆనింది అని చూశాను. పదేళ్ళుగా చూస్తున్న బొమ్మ ఆ రోజే కొత్తగా కనిపించింది.

సాధన ఎలాగంటారా? కోతలో మనిషి కదలకుండా నిలబడదు. కూలి పోతుంది మరి. అందుకని అరనిమిషం చాలనుకోవాలి. ముందు తలనుంచి ఆనిన పాదం దాకా ఒకే గీత. తరువాత భుజాలకొక అడ్డగీత, తుంటికొక అడ్డగీత. ఒంటికాలి మీద బరువు వేసినప్పుడు ఆ రెండూ ఎదురెదురుగా వాలతాయి. మన శిల్పాల్లోని త్రిభంగికి కీలకం అదే. ముఖం చివరికి. ముఖంతో మొదలుపెట్టినవాడికి కాళ్ళకు కాగితం చాలదని అనుభవంతో చెబుతున్నాను. ఫోటో తీసుకుని ఇంటికెళ్ళి వేసుకోవచ్చు గాని, ఫోనులో ఒళ్ళంతా ఒకే తీరున ఉంటుంది. ఏ కండరం లాగుతోందో, ఏ కాలు విశ్రాంతిగా ఉందో ఎదురుగా చూస్తేనే అందుతుంది. ఇంకొక మాట. అడిగి వేయాలి, వేసింది చూపించాలి. ఆడవాళ్ళు చెమటలో పనిచేస్తుంటే చాటునుంచి గీయటం మర్యాద కాదు. చూపిస్తే లాభం కూడా ఉంది. వాళ్ళకంటే బాగా దిద్దేవాళ్ళు లేరు.

మనిషి బొమ్మ వచ్చినంత మాత్రాన బొమ్మల కథ రాదు. ఒక బొమ్మనుంచి ఇంకో బొమ్మకు కాలం నడవాలి. ఇందుకు గురువుల్ని ఎక్కడో వెతకనక్కరలేదు, మన అమరావతిలో ఉన్నారు. ఇప్పుడు మద్రాసు ఎగ్మూరు మ్యూజియంలో ఉన్న ఒక గుండ్రటి ఫలకం సుమారు 1800 ఏళ్ళ నాటిది. నలగిరి అనే మదపుటేనుగు కథ అందులో ఉంది. ఎడమ పక్క ఏనుగు వీధిలో మనుషుల్ని తొక్కుతూ వస్తుంది. కుడి పక్క అదే ఏనుగు బుద్ధుని పాదాల ముందు వంగి ఉంటుంది. ఒకే చట్రంలో ఏనుగు రెండుసార్లు! మధ్యలో గీత లేదు, గడి లేదు. జనం భయపడి ఒరిగిన దిక్కే మన కంటిని ఎడమనుంచి కుడికి నడిపిస్తుంది. పైన కిటికీల్లోంచి చూసేవాళ్ళు మనలాంటి ప్రేక్షకులన్నమాట. వెళ్ళినవాళ్ళు ఆ ఫలకం ముందు అరగంట నిలబడి, మనుషుల ఒళ్ళు ఎటు వాలాయో గీసుకోండి. కాలిన్ మెకంజీ 1797లో మొదటిసారి అమరావతి చూసి, 1816లో చిత్రలేఖకుల్ని వెంటబెట్టుకుని మళ్ళీ వచ్చాడు. వాళ్ళు గీసిన రాళ్ళలో కొన్ని తరువాత కనపడకుండా పోయాయి. అవి ఎలా ఉండేవో ఇప్పుడు చెప్పగలిగేది ఆ పెన్సిలు గీతలే.

ఇక శైలి. మా మిత్రుల్లో బొమ్మలు వేసేవాళ్ళంతా ముందు దీని గురించే అడుగుతారు. పెళ్ళికి బట్టలు ఎంచుకున్నట్టు శైలిని ఎంచుకోవచ్చని నేనూ అనుకున్నవాణ్ణే. వడ్డాది పాపయ్య గారు, బాపు గారు ఇద్దరూ తెలుగు ఆడపిల్లను వేసినవారే. ఒకరికి రంగులో తెలిసింది, ఒకరికి గీతలో తెలిసింది. వారి చూపే వారి శైలి అయింది. అనుకరించటం తప్పని అనను. దస్తూరి నేర్చుకునేటప్పుడు అందరం పలక మీద దిద్దినవాళ్ళమే. కాని దిద్దిన అక్షరాలతో జీవితాంతం ఉత్తరాలు వ్రాయలేం కదా. బాపు న్యాయశాస్త్రం చదివారు. కార్టూనిస్టు జయదేవ్ గారు మద్రాసులో జువాలజీ పాఠాలు చెప్పారు. కనుక సైన్సు వాళ్ళం నిరుత్సాహపడనక్కరలేదు.

నా గీత మారటానికి కారణం మాత్రం ఒక పొదుపు ఆలోచన. కొన్న చార్‌కోల్ ఖరీదని, ఎండిన పత్తికట్టె పుల్లల్ని డబ్బాలో మూసి పొయ్యిలో కాల్చి బొగ్గు చేసుకున్నాను. అది గట్టిగా నొక్కితే విరుగుతుంది, పొడవుగా లాగితే జారిపోతుంది. బాపు గారి వంపు అందులో రానే రాదు. పొట్టి పొట్టి గీతలు ఒకదాని పక్కన ఒకటి వేయాల్సివచ్చింది. బరువు పడ్డచోట ఎక్కువ గీతలు, లేనిచోట తెల్లకాగితం. వంగిన వీపుకు, ముడతపడ్డ మోచేతికి అది ఎందుకో సరిపోయింది. దీన్ని శైలి అనవచ్చో లేదో గాని, ఎవరి బొమ్మో అడక్కుండానే నాదని మా హాస్టల్లో పోల్చుకుంటున్నారు.

ఈ దసరా సెలవల్లో యార్డు పేజీ ఆ బొగ్గుతోనే వేసి నాయనమ్మకు చూపించాను. చూపించే ధైర్యానికి రెండు రోజులు పట్టింది. కళ్ళజోడు తుడుచుకుని చాలాసేపు చూసింది. కోప్పడుతుందనుకున్నాను. ముఖం బాగా కుదిరిందనైనా అంటుందనుకున్నాను. ఆ రెండూ అనలేదు.

"మెడ మీద తువ్వాల ఏదిరా? తువ్వాల లేకుండా టిక్కీ ఎత్తేవాడు కాదు. గోతాంలోంచి కారం వీపుకు దిగుద్ది. రాత్రిళ్ళు కొబ్బరినూనె రాసేదాన్ని" అంది.

ఆ ఏడాది సంగతి ఆమె నోట వినటం నాకదే మొదలు. తువ్వాల వేశాను. రెండు మడతలు వేసి మెడ మీదనుంచి వీపుకు దించేవాడట, అలాగే వేశాను. ఇంకా ఐదు పేజీలున్నాయి. సంక్రాంతికి ఇంటికి వెళ్ళినప్పుడు మళ్ళీ ఆమె దగ్గర కూర్చోవాలి.