క్లబ్ ఎవరి కోసం?

తెలంగాణలో ఒక సంఘాన్ని సొసైటీగా రిజిస్టర్ చేయించాలంటే కనీసం ఏడుగురు సభ్యులుండాలి. సంఘం ఆశయాలేమిటో కాగితం మీద రాసివ్వాలి. 2001 నాటి చట్టం అడిగేవాటిలో ఈ రెండూ ఉన్నాయి. ఆశయాల పేజీ దగ్గరికొచ్చేసరికి చాలా క్రీడా సంఘాలు ఇంకో సంఘం కాగితాలు తెచ్చుకుని, పేరు మార్చి టైపు చేయిస్తాయి. ‘యువతలో క్రీడాస్ఫూర్తిని పెంపొందించుట’ అని ఉంటుంది. ఎవరు కాదంటారు? చిక్కంతా అక్కడే. ఎవరూ కాదనలేని ఆశయం ఏ తగాదానూ తీర్చదు. తగాదా తీర్చలేని ఆశయం ఫైల్లో ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

కాగజ్‌నగర్‌లాంటి ఊళ్లో తగాదా ఎక్కడ మొదలవుతుందో చూడండి. టెన్నిస్ బాల్ టోర్నీకి ఎంట్రీ ఫీజు కట్టారు. సెమీస్ దాకా వచ్చారు. మంచి బౌలర్ లేడు. ‘అన్నా, మంచిర్యాల నుంచి ఒకణ్ని పిలుద్దాం, రానూపోనూ ఖర్చులిస్తే చాలు’ అంటాడొకడు. చంద్రాపూర్‌లో తనకు తెలిసినవాడున్నాడంటాడు ఇంకొకడు. బౌలర్ వస్తాడు, బహుశా మ్యాచ్ కూడా గెలిపిస్తాడు. ఏడాది పొడుగునా పొద్దున్నే వచ్చి పిచ్ మీద నీళ్లు చల్లిన కుర్రాడు మాత్రం ఆ రోజు బౌండరీ బయట చప్పట్లు కొడతాడు. మరుసటి నెల నుంచి ప్రాక్టీసుకు రాడు. ఎందుకు రావట్లేదని ఎవరూ అడగరు, అందరికీ తెలుసు కాబట్టి.

బౌలర్‌ను పిలవడం తప్పని నేను అనడం లేదు. కప్పు కోసమే కట్టిన జట్టైతే పిలవాల్సిందే. బస్తీ పిల్లల కోసం పెట్టిన క్లబ్బైతే ఓడిపోయినా పిలవకూడదు. రెండూ గౌరవమైన దారులే. ఒక దారి పేరు చెప్పి చందా వసూలు చేసి, రెండో దారిలో నడవడమే మనుషుల్ని దూరం చేస్తుంది.

స్పెయిన్‌లో అథ్లెటిక్ బిల్బావ్ అనే ఫుట్‌బాల్ క్లబ్ ఉంది. బాస్క్ ప్రాంతంలో పుట్టినవాళ్లనో, అక్కడ ఆట నేర్చుకున్నవాళ్లనో తప్ప ఇంకెవర్నీ ఆడించకూడదన్నది వందేళ్లకు పైగా వాళ్లు పాటిస్తున్న కట్టుబాటు. ప్రపంచమంతా ఆటగాళ్లను కోట్లు పోసి కొంటున్న కాలంలో ఇది నష్టాన్ని కోరి తెచ్చుకోవడమే. అయినా ఆ క్లబ్ స్పెయిన్ మొదటి డివిజన్ నుంచి ఒక్కసారీ కిందికి జారలేదు. కట్టుబాటు వల్లే నిలిచిందని నేను చెప్పలేను. కానీ వదులుకోవడానికి సిద్ధపడ్డది చూస్తేనే ఆ క్లబ్ ఎవరి కోసమో తెలుస్తుంది. మీ క్లబ్ ఏం వదులుకుంటుంది?

క్లబ్ ఎవరి కోసమన్న ప్రశ్న కాగజ్‌నగర్‌కు ఇంకాస్త దగ్గరిది. కొత్తపేట అనే ఊరు కాగజ్‌నగర్ అయింది కాగితపు మిల్లు వల్లే. నిజాం కాలంలో, 1938లో సిర్పూర్ పేపర్ మిల్లు (ఎస్‌పీఎం)కు పునాది పడింది. తర్వాత ఊరు మిల్లు చుట్టే పెరిగింది. క్వార్టర్లు, బజారు, ఎస్‌పీఎం గ్రౌండు, అన్నిటికీ ఆ నీడ ఉంది. 2014లో మిల్లు మూతపడింది. మళ్లీ తెరుచుకునేసరికి 2018 వచ్చింది, యాజమాన్యం కూడా మారింది. జీతాలు ఆగిన ఊళ్లో కిట్లకు, జెర్సీలకు చందా ఇచ్చేదెవరు? పోషించే చెయ్యి ఆగిపోయినా క్లబ్ ఉండాలంటే, ఆ చెయ్యి కాక ఇంకో కారణం ఉండాలి.

లండన్‌లో థేమ్స్ ఐరన్‌వర్క్స్ అనే ఓడల కర్మాగారంలో 1895లో కార్మికులకు ఒక ఫుట్‌బాల్ జట్టు పెట్టారు. యజమాని ఆర్నాల్డ్ హిల్స్‌కు డబ్బు తీసుకుని ఆడడమంటే గిట్టదు. జట్టేమో డబ్బిచ్చి ఆడించుకుంటేనే గెలుస్తామంది. ఆ పేచీ ముదిరి 1900లో పాత క్లబ్‌ను మూసి, వెస్ట్ హామ్ యునైటెడ్ పేరుతో కొత్తది పెట్టారు. 1912లో కర్మాగారం మూతపడింది. క్లబ్ మాత్రం ఇప్పటికీ ఆడుతోంది, చొక్కా మీద రెండు సుత్తులతో. పాత క్లబ్‌ను మూసిన రోజు నష్టమనిపించి ఉంటుంది. కానీ మేం ఎవరి కోసం ఆడుతున్నామన్నది కర్మాగారం మూతపడకముందే వాళ్లు తేల్చుకున్నారు.

మీ క్లబ్‌లో ఎలా తేల్చుకోవాలి? ‘మన లక్ష్యమేంటి’ అని మీటింగులో అడగొద్దు. అడిగితే క్రీడాస్ఫూర్తి, క్రమశిక్షణ, ఐకమత్యం అంటూ ఉపన్యాసాలొస్తాయి, ఆపై సమోసాలొస్తాయి. దానికి బదులు కిందటిసారి ఎక్కడ కొట్టుకున్నామో చెప్పమనండి. సాయంత్రం గ్రౌండు పెద్దవాళ్లకా, పిల్లలకా? ఆడపిల్లలు వాలీబాల్ ఆడతామంటే నెట్ ఎన్నింటికి ఖాళీ చేయాలి? ప్రైజ్ మనీ పంచుకోవాలా, బంతులు కొనాలా? నాయకుడు స్పాన్సర్ చేస్తే జెర్సీ మీద ఆయన ఫొటో వేసుకోవాలా? ఒక్కో తగాదాలో ఎవరి పక్షం వహిస్తారో రాసుకుంటూ పోతే కాసేపటికి ఆశయం దానంతటదే బయటపడుతుంది. అది పొడవాటి వాక్యం కానక్కర్లేదు. తెలుగు, ఉర్దూ, హిందీ, మరాఠీ, నజ్రుల్‌నగర్ వైపు బెంగాలీ వినిపించే చోట ఏ భాషలో చెప్పినా పిల్లాడికి అర్థమైతే చాలు.

ఈ పనిలో కెప్టెన్‌కు ఒక పరీక్ష ఉంది. ముందు తను మాట్లాడకూడదు. ‘నువ్వు చెప్పు కాకా’ అని మూల కూర్చున్న పెద్దాయన్నో, స్కోరు రాసే పిల్లాణ్నో అడగాలి. వినడం వచ్చిన కెప్టెన్లు తక్కువ. బ్యాటింగ్ బాగా చేసేవాణ్నే కెప్టెన్‌ను చేయడం మనకు అలవాటు కదా! ఇంకో మాట. ప్రతి సభ్యుడూ తనెందుకు వస్తున్నాడో తనతో తాను నిజం చెప్పుకోవాలి. పేరు కోసమా, పోలీసు ఉద్యోగం ఫిజికల్ టెస్టు కోసమా, ఇంట్లో ఉండలేకా? వీటిలో సిగ్గుపడాల్సిందేమీ లేదు. దాచుకున్న కారణమే మీటింగులో సూత్రాల వేషం వేసుకొస్తుంది.

ఇంత చేసినా ఒకరిద్దరు ఒప్పుకోరు. కప్పే కావాలంటారు. వాళ్లను బతిమాలి ఉంచుకుంటే పాత పేచీ వచ్చే సీజన్లో మళ్లీ లేస్తుంది. కావలసిన బంతులు, బ్యాట్లు ఇచ్చి పంపండి. వాళ్లు వేరే జట్టు కట్టుకుంటే సంక్రాంతికి రెండు జట్లకూ మ్యాచ్ పెట్టొచ్చు, బయటి బౌలర్‌తో సహా.