జాగారం మీకు వద్దు

మహాశివరాత్రి జాగారం, అర్ధరాత్రి దాటాక పెళ్లి ముహూర్తం, సంక్రాంతికి ఊరెళ్లే రాత్రి బస్సు, అమెరికా క్లయింటుతో తెల్లవారుజాము కాల్. మిగతావాళ్లు మర్నాడు మధ్యాహ్నం ఓ కునుకు తీసి వీటిని మర్చిపోతారు. హుషారు, డిప్రెషన్ మారిమారి వచ్చే బైపోలార్ జబ్బు ఉన్నవాళ్లకు అంత సులువు కాదు. వరసగా రెండు మూడు రాత్రులు, కొందరికైతే ఒక్క రాత్రి నిద్ర లేకపోయినా మేనియా, అంటే అదుపు తప్పిన హుషారు, మొదలుకావచ్చు. ఈ జబ్బుతో ఉద్యోగమూ సంసారమూ నడుపుకోవాలంటే మందుల తర్వాత కాపాడుకోవాల్సింది నిద్ర వేళే. దానికోసం ఎవరికైనా సరే, మొహమాటం లేకుండా 'కుదరదు' అని చెప్పండి. పెళ్లికి సాయంత్రమే వెళ్లి అక్షింతలు వేసి వచ్చేయండి. శివుడికి పొద్దున్నే అభిషేకం చేసుకోండి.

అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఎలెన్ ఫ్రాంక్ అనే మనస్తత్వవేత్త, ఆమె బృందం దినచర్య చుట్టూనే ఒక చికిత్స పద్ధతిని తయారుచేశారు. అందులో ముఖ్యంగా చూసేవి ఐదు వేళలు. మంచం దిగే వేళ, మొదటిసారి మరో మనిషితో మాట్లాడే వేళ, పని మొదలుపెట్టే వేళ, రాత్రి భోజనం వేళ, పడుకునే వేళ. ఒక చిన్న నోటుబుక్కు కొనుక్కుని రోజూ ఈ ఐదూ రాయండి. పక్కనే ఎన్ని గంటలు నిద్రపోయారో, మనసు ఎలా ఉందో, ఎంత ఖర్చుపెట్టారో కూడా రాయండి. ఆదివారమైనా, సెలవైనా వేళలు మారకూడదు. 'బానే ఉన్నాను' అనే నోటిమాట కంటే డాక్టరుకు ఆ నోటుబుక్కు ఎన్నో రెట్లు ఉపయోగం.

ఇక ఉద్యోగం. నైట్ షిఫ్టు, వారం వారం మారే షిఫ్టు ఈ జబ్బుకు అస్సలు పడవు. 'ఆరోగ్య కారణాల వల్ల పగటి షిఫ్టే ఇవ్వాలి' అని డాక్టరు దగ్గర ఉత్తరం రాయించుకోండి. అందులో జబ్బు పేరు రాయొద్దని అడగొచ్చు. ఆఫీసులో అందరికీ చెప్పుకోవాల్సిన పనీ లేదు, నమ్మకమైన ఒక్కరికి తెలిస్తే చాలు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం గుర్తించిన 21 వైకల్యాల్లో మానసిక అనారోగ్యం ఒకటి. ప్రభుత్వ ఉద్యోగంలో ఉండగా వైకల్యం వస్తే ఉద్యోగం తీసేయడానికి, హోదా తగ్గించడానికి ఆ చట్టం ఒప్పుకోదు. ఇది తెలియక భయపడి రాజీనామా రాసేవాళ్లను తలచుకుంటే బాధేస్తుంది.

రాజీనామా మాట వచ్చింది కాబట్టి హుషారు రోజుల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. రాత్రి మూడింటికే మెలకువ వస్తుంది, ఒంట్లో అలసట ఉండదు. మేనేజరుకు మూడు పేజీల మెయిలు రాస్తారు. కంపెనీ ఎలా నడపాలో మీకే తెలిసినట్టుంటుంది. తెల్లారేలోగా ప్లాటుకు అడ్వాన్సు పంపేస్తారు, చిన్ననాటి స్నేహితుడికి అప్పిస్తానని మాటిచ్చేస్తారు. ఆ గంటలో మీకు ఏదీ తప్పుగా తోచదు, అందుకే కట్టుబాట్లన్నీ మనసు కుదురుగా ఉన్న రోజునే పెట్టుకోవాలి. క్రెడిట్ కార్డు పరిమితి తగ్గించండి, యూపీఐ రోజువారీ పరిమితి కూడా. అప్పులిచ్చే యాప్‌లు ఫోన్లో ఉంచకండి. రాజీనామా, లోను, స్థలం, షేర్లు వంటి పెద్ద నిర్ణయం ఏదైనా రెండు రాత్రులు నిండుగా నిద్రపోయాక, ఇంట్లో ఒకరు సరేనన్నాకే. మెయిలు రాయాలనిపిస్తే రాయండి, కానీ డ్రాఫ్టులోనే ఉంచండి.

డిప్రెషన్ రోజుల్లో లెక్క తిరగబడుతుంది. అప్పుడు పనిని కుదించుకోవాలి. లేవడం, స్నానం, మాత్ర, ఆఫీసులో తప్పనిసరి పని ఒక్కటి. ఆ రోజుకు అంతే చాలు. చాలామంది ఈ దశలోనే డాక్టరు దగ్గరికి వెళ్లి, అంతకుముందు గడిచిన హుషారు రోజుల మాట ఎత్తరు. తప్పకుండా చెప్పండి. ఉత్త డిప్రెషన్ అనుకుని దాని మందు ఒక్కటే ఇస్తే కొందరిలో మేనియా పైకి లేస్తుంది.

1949లో ఆస్ట్రేలియా వైద్యుడు జాన్ కేడ్ మేనియాకు లిథియం పనిచేస్తుందని రాశాడు. ఇప్పటికీ అది ప్రధానమైన మందే. అయితే మన ఎండల్లో దానితో జాగ్రత్త కావాలి. రోహిణీ కార్తెలో చెమట ధారగా పోయినా, వాంతులూ విరేచనాలూ అయినా, బీపీ అని ఉప్పు హఠాత్తుగా మానేసినా రక్తంలో లిథియం పెరిగిపోతుంది. ఏకాదశి ఉపవాసమైనా, రంజాన్ రోజా అయినా ముందు డాక్టరును అడగండి. నడుం నొప్పికి మందుల షాపులో ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ కొనుక్కుని మింగొద్దు. చేతులు బాగా వణుకుతున్నా, నడక తూలుతున్నా, మాట ముద్దగా వస్తున్నా ఆ రోజే ఆస్పత్రికి వెళ్లాలి. రక్తంలో లిథియం పరీక్షకు, రాత్రి మాత్ర వేసుకున్న 12 గంటలకు, పొద్దుటి మాత్రకు ముందు రక్తం ఇవ్వాలి. కిడ్నీ, థైరాయిడ్ పరీక్షలు కూడా డాక్టరు చెప్పిన గడువుకు చేయించుకోండి. ఈ జబ్బుకే ఇచ్చే మరో మందు వాల్‌ప్రోయేట్ వాడుతున్న స్త్రీలు పిల్లల్ని కనాలనుకుంటే, మందు సొంతంగా ఆపేయకుండా, గర్భం రాకముందే డాక్టరుతో మాట్లాడాలి.

'ఇప్పుడు బాగున్నావుగా, ఇంకెన్నాళ్లు మింగుతావు?' అనే బంధువు ప్రతి ఇంట్లోనూ ఉంటారు. బాగున్నది మాత్ర వల్లే అని వాళ్లకు తెలియదు. కే రెడ్‌ఫీల్డ్ జేమిసన్ జాన్స్ హాప్కిన్స్‌లో ఆచార్యురాలు, ఈ జబ్బు మీద వైద్యులు చదివే గ్రంథానికి సహరచయిత్రి, తానూ ఇదే జబ్బు మనిషి. అంతటావిడే లిథియం ఆపి ఎంత నష్టపోయిందో 1995లో వచ్చిన తన ఆత్మకథలో రాసింది.

ఇంట్లోవాళ్లకూ ఒక మనవి. కొడుకు కాస్త గొంతు పెంచగానే 'ఒరేయ్, ఇవాళ మాత్ర వేసుకోలేదా?' అనకండి. న్యాయమైన కోపం కూడా జబ్బు ఖాతాలో పడితే మనిషి కుంగిపోతాడు. 'నాన్నా, రాత్రి నిద్ర పట్టిందా?' అని అడగండి. జవాబులోనే మీకు కావలసిన సమాచారం ఉంటుంది. వరసగా రెండు రాత్రులు నిద్ర తగ్గి, అయినా హుషారు పెరుగుతుంటే వెంటనే డాక్టరుకు ఫోన్ చేయండి. జబ్బు ముదిరితే ఎలాంటి వైద్యం కావాలో, ఎలాంటిది వద్దో, తన తరఫున ఎవరు మాట్లాడాలో ముందుగానే రాసిపెట్టుకునే హక్కు 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇచ్చింది. అందరూ కలిసి కూర్చుని ఆ కాగితం రాసుకోండి.

చనిపోవాలన్న మాట నోటి వెంట వస్తే దాన్ని బెదిరింపు అనుకోకండి. ఆ మనిషిని ఒంటరిగా వదలొద్దు, మందుల సీసాలు అందకుండా తీసేయండి, ఆస్పత్రికి తీసుకెళ్లండి. డాక్టరు దొరకని వేళ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. ఉచితం, 24 గంటలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు.