ఆరాధనలో సకర్మకము : హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా బోధ

తెలుగు వ్యాకరణము చదివిన ప్రతి విద్యార్థికిని అకర్మక, సకర్మక క్రియల భేదము సువిదితమే. "బాలుడు నిద్రించెను" అన్నప్పుడు ఆ పని బాలునితోనే ఆగిపోవును. "తల్లి బిడ్డను లాలించెను" అన్నప్పుడు పని కర్తను దాటి మరియొకరిని చేరును. ఉర్దూ తరగతిలోని మిత్రులు ఈ భేదమునే లాజిమ్, ముతఅద్దీ అను పేర్లతో నేర్చుకొందురు. అరబ్బీ వ్యాకరణము నుండి వచ్చిన ఈ రెండు మాటలను సుమారు ఏడు వందల సంవత్సరముల క్రిందట ఢిల్లీ శివారున నివసించిన ఒక మహనీయుడు భగవదారాధనకు అన్వయించి చెప్పినారు. వారే హజ్రత్ నిజాముద్దీన్ ఔలియా.

నమాజు, ఉపవాసము, హజ్ యాత్ర, జపము లాజిమీ ఆరాధనలని వారి వివరణ. వాని ఫలము చేసినవానికే దక్కును. ఇతరులకు సుఖము కలిగించుట, ధనము వెచ్చించుట, ఆప్యాయత చూపుట ముతఅద్దీ ఆరాధనలు. వీని పుణ్యమునకు మితి లేదు. ఇంతవరకు మనము ఊహింపగలిగినదే. వారు ఇంకొక అడుగు ముందుకు వేసినారు. మొదటి తరగతి ఆరాధన స్వీకరింపబడవలెనన్నచో చిత్తశుద్ధి తప్పనిసరి. రెండవ తరగతిది మాత్రము ఏ విధముగా చేసినను ఫలించునట. ఈ మాట మొదట వినినప్పుడు కొంత వింతగా తోచును. మంచి పనికి మనస్సు శుద్ధిగా ఉండనక్కరలేదా అని అడుగవలెననిపించును. కాని ఆకలిగొన్నవాని వైపు నుండి చూచినచో ఇందులోని సత్యము బోధపడును. పెట్టినవాని మనస్సు ఎట్లున్నను తిన్నవాని కడుపు నిండినది గదా! హజ్రత్ వారు స్వయముగా నమాజు, ఉపవాసములను ఏనాడును సడలింపలేదు. కనుక ఇది సోమరుల వాదమని భ్రమపడరాదు.

వారు జన్మించినది బదాయూఁ పట్టణము. శైశవముననే తండ్రి గతించగా తల్లి బీబీ జులైఖా పెంచినది. ఇంట గింజలు లేని దినమున నేడు మనము దేవుని అతిథులమని ఆ తల్లి కుమారునితో చెప్పెడిదట. ఆకలి యన నేమో వారు గ్రంథములలో చదివి తెలిసికొనలేదు.

బదాయూఁలో వారికి విద్య గరపిన గురువులలో మౌలానా అలాఉద్దీన్ ఉసూలీ ఒకరు. వారిని గూర్చి హజ్రత్ వారు చెప్పిన ఒక వృత్తాంతము నాకు మిక్కిలి విలువైనదిగా తోచినది. మౌలానా గారి ఇంటికి కటేహర్ ప్రాంతము నుండి చెరపట్టబడిన ఒక వృద్ధ దాసిని కొని తెచ్చినారు. ఆమె తెల్లవారుజామున తిరుగలి విసురుచు ఏడ్చుచుండెను. మౌలానా కారణమడిగినారు. కుమారుని విడిచి వచ్చితినని ఆమె చెప్పినది. ఊరికి కొంత దూరమున ఉన్న చెరువు దాక చేర్చినచో అటుపై దారి గుర్తుపట్టగలవా యని వారు ప్రశ్నించినారు. గుర్తుపట్టగలనన్నది. తెల్లవారకమునుపే ఆమెను వెంటబెట్టుకొని పోయి, దారిబత్తెముగా కొన్ని రొట్టెలిచ్చి విడిచిపెట్టినారు.

ఈ సంగతి చెప్పుచు హజ్రత్ వారు కంట తడి పెట్టినారు. శాస్త్రము యొక్క బాహ్యరూపమును మాత్రమే ఎరిగిన పండితులు దీనిని ఒప్పుకొనరనియు, అయినను ఆ గురువు చేసిన పని ఎట్టిదో గ్రహింపవచ్చుననియు అన్నారు. పండితుల అభ్యంతరము ఊహింపదగినదే. నాటి చట్టము ననుసరించి ఆమె క్రయము చేయబడిన సొత్తు. పైగా ఆమె పోయి చేరునది అన్యమతస్థులైన తనవారి మధ్యకు. ఈ రెండును తెలిసియే మౌలానా ఆమె చేతిలో రొట్టెలు పెట్టినారు. ఆయన శిష్యునికి నేర్పిన పాఠములన్నింటిలో ఈ పాఠమే లోతుగా నాటినదని నా అభిప్రాయము.

ఇరువది ఏండ్ల ప్రాయమున నిజాముద్దీన్ వారు అజోధన్ చేరి బాబా ఫరీద్ వద్ద దీక్ష గైకొన్నారు. నేడు పాకిస్తానులోని పాక్‌పట్టన్ ఆ ఊరే. గురువు ఆనతిపై ఢిల్లీకి వచ్చి, కొంతకాలమునకు యమునాతీరమున గియాస్‌పూర్ అను పల్లెలో స్థిరపడినారు. వారి జమాఅత్ ఖానాకు కానుకలు ప్రవాహము వలె వచ్చెడివి, ఆ ప్రవాహము వలెనే వెడలిపోయెడివి. ప్రతి శుక్రవారము నమాజునకు ముందు కొట్లు ఖాళీ చేయించి ఊడ్పించెడివారు. ఎందరికో భోజనము పెట్టిన ఆ ఇంటి యజమాని తాను మాత్రము నిత్యము ఉపవాసముండి, సహరీ వేళ ముద్ద నోట పెట్టలేకపోయెడివారు. మసీదులలో, అంగళ్ళ ముంగిట పస్తులు పడుకొన్న పేదలు గుర్తుకు వచ్చినప్పుడు ముద్ద గొంతు దిగదని సేవకునితో అనెడివారట.

ఒక వేసవిలో గియాస్‌పూర్‌లో ఇండ్లు అంటుకొన్నవి. హజ్రత్ వారు పాదరక్షలు లేకయే మిద్దెపైకి పోయి, మంటలు చల్లారు దాక మండుటెండలో నిలుచున్నారని ఒక కథనము కలదు. పిమ్మట సేవకుడైన ఖ్వాజా ఇక్బాల్‌ను పిలిచి, కాలిన ఇండ్లెన్నియో లెక్కించి, ఇంటికి రెండు వెండి టంకాలు, రెండు పళ్ళెముల భోజనము, ఒక కూజా చల్లని నీరు పంపుమన్నారు. ధనము, అన్నము పంపవలెనని ఎవరికైనను తోచవచ్చును. నిప్పులో ఇల్లు పోగొట్టుకొన్నవాడు ఆ క్షణమున మొదట కోరునది చల్లని నీరని తోచుటకు మాత్రము తానును ఆ ఎండలో నిలిచి ఉండవలెను.

సుల్తానుల దర్శనమును వారు కోరలేదు, జాగీరులను స్వీకరింపలేదు. 1320లో సింహాసనమాక్రమించిన ఖుస్రో ఖాన్ నగరములోని షేకులకు ధనము పంచినాడు. హజ్రత్ వారికి వచ్చినది ఐదు లక్షల టంకాలు. వారు వెంటనే పేదలకు పంచివేసినారు. పిమ్మట గద్దెనెక్కిన గియాసుద్దీన్ తుగ్లక్ ఆ సొమ్ము తిరిగి ఇమ్మన్నాడు. దాచియుంచిన కొందరు తిరిగి చెల్లించినారు. హజ్రత్ వారు మాత్రము, అది ప్రజల ఖజానా సొమ్మనియు, ప్రజలకే చేరినదనియు, తమకై ఒక్క నాణెమును వాడలేదనియు సమాధానమంపినారు. దోపిడీదారుని సొమ్మును అసలు ముట్టవచ్చునా యని వాదించువారు ఉండవచ్చును. కాని రాజు మారినంత మాత్రమున పేదవాని చేతి నుండి రొట్టె లాగుకొనుట న్యాయమగునా?

ఈ సంభాషణలలో పెక్కు మనకు దక్కుటకు కవి అమీర్ హసన్ సిజ్జీ కారణము. 1308 మొదలు 1322 వరకు తాను హాజరైన 188 సభలను ఆయన పారసీకమున 'ఫవాయిదుల్ ఫుఆద్' అను పేర గ్రంథస్థము చేసినారు. ముహమ్మద్ బిన్ తుగ్లక్ కాలమున ఆయన దౌలతాబాదు చేరి దక్కను నేలలోనే కన్నుమూసినారు. సమాధి ఖుల్దాబాదులో ఉన్నది. నిజాముద్దీన్ వారి శిష్యుడగు నసీరుద్దీన్ చిరాగ్ దెహ్లవీకి శిష్యుడైన గేసూదరాజ్ బందానవాజ్ గుల్బర్గా చేరి 1422లో పరమపదించినారు. 1956 వరకు తెలంగాణ జిల్లాలతో పాటు గుల్బర్గా హైదరాబాదు రాష్ట్రములోనిదే గనుక ఈ పరంపర మనకు దూరపుది కాదు.

1325లో అంత్యకాలము సమీపించినప్పుడు, ఇంటనున్న సమస్తమును పంచివేయుమని హజ్రత్ వారు ఇక్బాల్‌ను ఆజ్ఞాపించినారు. ఇక్బాల్ అంతయు పంచి, ఆశ్రమములోని దర్వేషులకు కొద్ది దినములు సరిపడు ధాన్యము మాత్రము అట్టిపెట్టినాడు. అతని ఉద్దేశము మంచిదే. అయినను సంగతి తెలిసి హజ్రత్ వారు కోపించి, జనమును పిలిపించినారు. గాదెల తలుపులు పగులగొట్టి ధాన్యమంతయు కొనిపొండనియు, పిదప ఆ నేల ఊడ్చివేయుడనియు చెప్పినారు. జనము కొద్దిసేపటిలోనే గాదెలు ఖాళీ చేసినారు.