ఎండలో పరుగెత్తబోవు మేనకోడలికి

తార్నాక,
ఏప్రిల్ నెల, ఆదివారము.



మైలు దూరమున వసతిగృహమునందున్న నీకు, ఫోనులో రెండు నిమిషములలో చెప్పదగిన మాటను కాగితముమీద పెట్టి పంపుచున్నందుకు నీవు నవ్వుకొందువని యెరుగుదును. కాని నేను ఫోనులో చెప్పినదెల్ల నీవు “సరే మామయ్యా” అనుచు వినుటయు, మరునాటికి మరచుటయు నాకు అనుభవమే కనుక, ఈ సంగతి నీ పుస్తకముల నడుమ కొన్నాళ్లయినను నిలుచునను ఆశతో ఉత్తరముగా వ్రాయుచున్నాను.

ఆగస్టు నెలాఖరున జరుగు హైదరాబాదు మారథాన్‌లో సగము దూరము, అనగా 21 కిలోమీటర్లు, పరుగెత్తుటకు పేరిచ్చితినని మొన్న చెప్పితివి. చెప్పుచు, తోటి విద్యార్థిని యెవరో సూచించిన, పరుగునడుమ మ్రింగు తీపి జెల్ పొట్లములును, ఉప్పుబిళ్లల సీసాయును, చెమట నిలువనీయని కొత్త బనీనును, నడుమునకు కట్టుకొను నీళ్లసీసాల పట్టీయును, కొత్త బూట్లును అన్నియు ఒక్కమారే తెప్పించుకొంటినని, వచ్చు ఆదివారము అన్నిటిని ధరించి, అన్నిటిని సేవించి, క్యాంపసులో పది కిలోమీటర్లు పరుగెత్తి చూతునని ఉత్సాహముతో పలికితివి. ఆ ఉత్సాహమును చెరుపుట నా యుద్దేశము కాదు. అయితే ఆ పరుగులో నీకు కడుపు త్రిప్పినయెడల, ఆ తప్పు జెల్‌దో, ఉప్పుబిళ్లదో, ఎండదో, ముందురాత్రి తిన్న మిరపకాయ బజ్జీలదో నీవెట్లు తెలిసికొందువు? దీనికి జవాబుగా ఒక పాత కథ చెప్పెదను.

నీవు ఆటోలో పోవునపుడెల్ల చూచు జాతీయ పోషకాహార సంస్థ, 1918లో కూనూరునందు రాబర్ట్ మెక్‌కారిసన్ అను వైద్యుడు ఒక్క గదిలో ఆరంభించిన బెరిబెరి విచారణశాలకు పెరిగిన రూపము. 1958లో అది హైదరాబాదునకు తరలివచ్చినది. ఆ మెక్‌కారిసన్ ఎలుకలను గుంపులుగా విభజించి, ఒక్కొక్క గుంపునకు ఈ దేశములోని ఒక్కొక్క ప్రాంతపు జనుల ఆహారమును పెట్టి చూడగా, సిక్కుల గోధుమరొట్టెలు, పాలు, పప్పు, కూరలు తిన్నవి పుష్టిగా పెరిగినవనియు, మనవంటి దాక్షిణాత్యుల తెల్లబియ్యపు అన్నము తిన్నవి కృశించినవనియు తేలినది. అన్నము తినువారలమగు మనకు ఆ ఫలితము కొంచెము చురుక్కుమనును. అది వేరు మాట. తక్కినవి కదపక ఒక్కదానినే మార్చి, ఏమగునో ఓపికతో చూచి వ్రాసికొను ఆ పద్ధతియే నేను నీకు చెప్పదలచినది. నీ ప్రయోగశాలలో ఎలుకవును నీవే, వైద్యుడవును నీవే.

ఈ పాఠము నేను పుస్తకములలో నేర్చినది కాదు. ఏబదియెనిమిదవ యేట, బుద్ధి కుదిరినదని లోకము భావించు వయస్సున, నేనును అదే సగము దూరమునకు దిగితిని. పండ్రెండవ కిలోమీటరున, ఒక ఫ్లైఓవరు ఎక్కుచుండగా, ప్రక్కన పరుగెత్తుచున్న మిత్రుడొకడు ప్రేమతో చేతిలో పెట్టిన జెల్‌ను, అంతకుముందు ఎన్నడును రుచి చూడనిదానిని, నీళ్లయినను త్రాగక మ్రింగితిని. అది కొబ్బరినూనెలో కలిపిన పంచదారపాకమువలె గొంతునుండి దిగి, రెండు నిమిషములలో వచ్చిన దారినే తిరిగివచ్చినది. పైగా ఆనాటికని దాచుకొన్న కొత్త నూలు బనీను చెమటకు తడిసి బరువెక్కి, చంకలక్రింద చర్మమును ఒరసి ఒరసి, ఇంటికి వచ్చి స్నానమునకు దిగగానే నాచేత కేక పెట్టించినది. మీ అత్తయ్య ఆ కేకను ఇప్పటికిని అనుకరించి చూపును.

ఇక లెక్కకు వత్తము. మనిషి పరుగెత్తునపుడు కిలో బరువునకు, కిలోమీటరునకు, ఇంచుమించుగా ఒక కిలోక్యాలరీ ఖర్చగును. ఏబది కిలోలదానవగు నీవు పది కిలోమీటర్లకు అయిదువందలు వెచ్చింతువు, అందులో ముప్పాతికవంతు కేవలము వేడిగా మారును. లీటరు చెమట పూర్తిగా ఆవిరియైనచో 580 కిలోక్యాలరీల వేడిని వెంట కొనిపోవును గనుక, ఆ వేడి పోవుటకు అరలీటరునకు పైబడిన చెమట నీ ఒంటిమీదనే ఆరవలెను. ఆరవలెను అనుచున్నాను; కారిపోయిన చెమట వేడిని తీసికొనిపోదు. ఇందే ఒక మోసము కలదు. ఈ నెలలో మన గాలి పొడిగా నుండుటచే చెమట కనబడకుండ ఆరి, నీ నల్ల బనీను వీపున తెల్లని ఉప్పుచారలను మాత్రము మిగుల్చును. ఆగస్టులో మబ్బుండి చల్లగా తోచినను గాలి తేమతో నిండియుండి, అదే చెమట మోచేతుల చివరలనుండి చుక్కలు చుక్కలుగా రాలిపోవును. కావున ఏప్రిల్‌లో ఇంత నీరు సరిపోయినదను లెక్కను ఆగస్టునకు మోసికొనిపోకుము. వానలు పడినవెనుక మరల మొదటినుండి చూచుకొనుము.

చూచుకొనుటకు కావలసినది నీ తల్లిచేత పంపుచున్న బరువుతూచు యంత్రము, ఒక నోటుపుస్తకము. పరుగునకు ముందు, తరువాత ఒళ్లు తుడుచుకొని, తూగుము. తగ్గిన కిలోకు లీటరు నీరు పోయినదని, నడుమ త్రాగినది దానికి కలుపవలెనని వ్రాసికొనుము. కిలోకు మించి తగ్గకుండ చూచుకొనుట మంచిది. బరువు తగ్గుటకు మారు పెరిగినదా, అది మరింత చెడ్డది. 2002లో బోస్టన్ మారథాన్‌లో పరుగెత్తిన 488 మంది రక్తమును పరీక్షింపగా, నూటికి 13 మందికి సోడియము తక్కువగా నుండెను. నీళ్లు మితిమీరి త్రాగినవారే అందు ఎక్కువ. చిన్న దేహము కలిగి, మెల్లగా పరుగెత్తి, దారిలోని ప్రతి నీళ్లబల్లకడ ఆగి గ్లాసు ఎత్తువారికి ఈ అపాయము హెచ్చు. దాహము వేసినపుడు త్రాగుము, వేయనపుడు మానుము.

గంటలోపు పరుగునకు మంచినీళ్లు చాలును. అంతకు మించినచో లీటరు నీటిలో పావుచెంచా ఉప్పు, ఎనిమిది పది చెంచాల పంచదార, ఒక నిమ్మకాయ పిండి కలిపి చూడుము; పంచదార కొద్దిగా తోడున్నయెడల ప్రేగు సోడియమును, దానివెంట నీటిని త్వరగా లోనికి తీసికొనును, అతిసారమునకు ఇచ్చు ఓఆర్‌ఎస్ పొట్లము పనిచేయు సూత్రము ఇదియే. కొబ్బరినీళ్లు రుచికరములే గాని అందు పొటాషియము మెండు, సోడియము స్వల్పము. పరుగు ముగిసినవెనుక త్రాగుము. ఉప్పు వేసిన పలుచని మజ్జిగయు అట్లే. జెల్ కావలెనన్నచో ఒక ఆదివారము అది యొక్కటే, నీళ్లతో. మరుసటి ఆదివారము దానికి బదులు గింజ తీసిన ఖర్జూరములు. పరుగునకు రెండు గంటల ముందు రెండు ఇడ్లీలు, కారప్పొడి లేకుండ, నాకు కుదిరినవి. నీకు కుదురునో లేదో నీ పుస్తకము చెప్పవలెను.

బూట్లను సాయంకాలము, పాదములు ఉబ్బియున్నపుడు కొనవలెనని ముందే చెప్పియుంటినేని బాగుండెడిది. టోపీ తెల్లనిది, పలుచనిది చాలును. రుమాలులో మంచుముక్కలు మూటగట్టి మెడకు చుట్టుకొనుట అన్ని పరికరములకంటె చౌకయైన పరికరమని నా నమ్మకము. చెరకురసము బండివాడు పిడికెడు మంచునకు డబ్బు కూడ అడుగడు. ఇక సాయంకాలపు పరుగు ఈ రెండు నెలలు మానుము. మీ క్యాంపసులోని ఆర్ట్స్ కాలేజి ముంగిట దీపములు వెలిగినవెనుక ఆ గులాబిరంగు రాతిమీద అరచేయి ఆనించి చూడుము. పగలంతయు త్రాగిన ఎండను అది అప్పుడు విడుచుచుండును. తెల్లవారుజామున అదే రాయి చల్లగా నుండును. ఎండ అలవాటగుటకు దేహమునకు పది పదునాలుగు దినములు పట్టును గనుక, మొదటి రెండు వారములు వేగము సంగతి తలపెట్టకుము.

తల తిరిగి, మాట తడబడి, ఎండలో చలి పుట్టినట్లున్నచో అది వడదెబ్బకు నాంది. తక్షణమే ఆగి నీడకు పోయి, ఒంటిమీద నీళ్లు కుమ్మరింపుడని ప్రక్కవారిని అడుగుము. ఒళ్లు చల్లబరచుట ముందు, ఆసుపత్రికి పోవుట వెనుక. ఇందుచేతనే ఒంటరిగా పరుగెత్తవద్దనుచున్నాను.

మరియొకటి. మన దేశమున స్త్రీలలో సగముకంటె ఎక్కువమందికి రక్తహీనత కలదు. నీవు మెట్లెక్కి ఆయాసపడుట పోయిన సంక్రాంతికి నేను గమనించితిని. హిమోగ్లోబిన్ పరీక్ష చేయించుకొనకుండ జెల్ రుచులను పోల్చుట, పునాది చూడక గోడకు సున్నము వేయుటవంటిది. హాస్టలు భోజనమయిన వెంటనే టీ త్రాగు అలవాటును కూడ తగ్గింపుము, అది ఆహారములోని ఇనుమును ఒంటబట్టనీయదు.

మీ అమ్మ బుధవారము వచ్చునపుడు యంత్రముతోబాటు స్టీలు డబ్బాలో నువ్వులుండలు పంపుచున్నాను. అవి ప్రయోగమునకు కావు, తినుటకు. డబ్బా మీ అత్తయ్యది. ఆదివారము పరుగు ముగించి ఇటు వచ్చునపుడు మరువక తెమ్ము, నోటుపుస్తకము కూడ తెచ్చినచో మొదటి పుట చూతును.

ఇట్లు,
మామయ్య